సభకు వీపు పెట్టినదాన్ని

పెళ్లికి పోయినా పేరంటానికి పోయినా నన్ను చూడగానే ఎవరో ఒకరు ‘టీచరమ్మా, ఒక పాట పాడండమ్మా’ అంటారు. నాకు భలే ఇబ్బంది. పాట రాదని కాదు, తిరుపతి సంగీత కళాశాలలో చదివినదాన్నే. కానీ ఒక్కదాన్నే కూర్చుని పాడింది నా జన్మలో తక్కువ. బతుకంతా పాడించడంలోనే గడిచింది. ఇరవై మందిని, నలభై మందిని, ఆగస్టు పదిహేనొస్తే రెండొందల మంది పిల్లల్ని నిలబెట్టి, అందరి నోటా ఒకే మాట ఒకేసారి పడేట్టు చూడటం నా పని. పైకి చూసేవాళ్లకి అందులో విద్యేమీ కనపడదు. మా ఆయన ఉన్నన్నాళ్లూ, ‘‘నువ్వు పాడేది లేదు, వాయించేది లేదు, ఉత్త చెయ్యి ఊపినందుకు శాలువా కప్పి పంపిస్తారే!’’ అని ఎగతాళి చేసేవాడు. ఆ శాలువాలన్నీ చలికాలంలో కప్పుకున్నది ఆయనే, అది వేరే సంగతి.

ఈ పని నాకు కాలేజీలో అబ్బింది కాదు. మా నాయన దగ్గర అబ్బింది, అదీ ఆయన నేర్పకుండానే.

మాది చిత్తూరు నుంచి పెనుమూరు పోయే దారిలో చిన్న పల్లె. మా వైపు ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం వచ్చిందంటే భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు. పగలు పందిట్లో హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. బకాసుర వధ, ద్రౌపది పెళ్లి, అర్జున తపస్సు ఇట్లా రోజుకొక కథ. చివరి రోజు ఊరి బయట మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి, భీముడు తొడ మీద కొట్టడం, సాయంత్రం నిప్పుల గుండం తొక్కడం. ఆ పద్దెనిమిది రోజులూ ఊళ్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. మా నాయనకి గొంతు ఉండేది కాదు.

ఎందుకంటే ఆయన వంత. వేషగాళ్ల వెనక తాళాలు పట్టుకుని నిలబడే నలుగురిలో ఒకడు. ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకుంటే, దాని వెనక ముందు గజ్జెలు మోగేవి. తర్వాత కిరీటం కొన పైకి లేచేది. ప్రవేశ దరువు, అంటే రంగంలోకి వస్తూ పాడే పాట, ఎత్తుకునేవాడు వేషగాడు. కొయ్య కిరీటం, భుజకీర్తులు, మొహమంతా అర్దళం రంగు, ఆ బరువుతో చిందు తొక్కుతూ పాట పాడాలి. ఒక చరణం అయ్యేసరికి రొప్పు వచ్చేది. సరిగ్గా అక్కడ వంత అందుకోవాలి. చివరి మాటను తీసుకుని రెండు మాట్లు, అవసరమైతే నాలుగు మాట్లు తిప్పాలి. ఈ లోపల వేషగాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఎన్ని మాట్లు తిప్పాలన్నది ఎక్కడా రాసిపెట్టి ఉండదు. వేషగాడి భుజం ఎగిరెగిరి పడటం తగ్గిందా లేదా అని చూస్తూ మా నాయన నిర్ణయించేవాడు. మూడో జాములో భీముడు మాట మర్చిపోతే, పాత చరణం తోకలోనే కొత్త చరణం మొదటి రెండక్షరాలు కలిపేసేవాడు. కింద కూర్చున్నవాళ్లకి అది పాటలో భాగమే అనిపించేది.

పొద్దున్నే బావి దగ్గర ఆడవాళ్లంతా ‘అర్జునుడు బాగా ఆడినాడు’ అనుకునేవాళ్లు. వంత బాగుందని ఎవరూ అనలేదు. నాకు ఉక్రోషం వచ్చి నాయన్నే అడిగేశాను. ఆయన మజ్జిగన్నం తింటూ, ‘‘వంత ఇడిగా ఇనపడిందంటే యాడో తప్పు జరిగినట్టే పాపా’’ అన్నాడు.

అర్జున తపస్సు రోజు ఇంకో రకం. ఎత్తైన తపస్సు మాను పాతి, అర్జునుడు ఒక్కో మెట్టుకి ఒక్కో పద్యం పాడుకుంటూ ఎక్కేవాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో పడుకుని ఉండేవాళ్లు. పైనుంచి ఆయన విసిరే పండో పువ్వో విభూతో ఒళ్లో పడితే కడుపు పండుతుందని నమ్మకం. గాలికి పద్యం ఎటో కొట్టుకుపోయేది, కింద జనం గోల. ఆ రోజు నాయన వినడం మానేసేవాడు. అర్జునుడి కాలు చూసేవాడు. కాలు మెట్టు మారిందా, తాళం పడేది. చెవి పనిచెయ్యని చోట కన్నుతో పాడించొచ్చని అప్పుడు చూశాను. ఎప్పుడో నలభై ఏళ్ల తర్వాత అది నాకు ఎంత పనికొచ్చిందో ముందు ముందు చెప్తాను.

ఆ వరుసలో ఆడపిల్లకి చోటు లేదు. ద్రౌపదే మీసం తీయించుకున్న మగాడు, ఇక నాకు చోటెక్కడ? చాప మీద ముందు వరుసలో కూర్చుని, నోరు కదపకుండా వంతలన్నీ లోపల పాడుకునేదాన్ని.

తిరుపతి సంగీత కళాశాల చదువు గురించి ఎక్కువ చెప్పను. మంచి గురువులు, గట్టి చదువు. కాకపోతే అది కచేరీ చదువు. ఒకరు పాడతారు, మిగతావాళ్లు వింటారు. రాగం, నెరవు, కల్పన స్వరం, అంతా ఒక గొంతు ఎంత దూరం పోగలదన్న లెక్క. పదిమంది గొంతులు ఒకచోట ఎట్లా కుదురుతాయన్నది ఆ పాఠాల్లో లేదు. నేను తిరుపతిలో ఉన్న కాలంలోనే, 1978లో, దేవస్థానం వాళ్లు అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు సంకీర్తనలకు స్వరాలు కట్టిన సంగతి మా అయివార్లు పాఠం మధ్యలో భక్తిగా చెప్పేవాళ్లు. ఆ మరుసటి ఏడే ఆయన పోయారు. ఊరంతా అన్నమయ్య మీద పడింది. నాలాంటి పిల్లలకి గుంపులో పాడే అవకాశాలు అప్పటి నుంచే వచ్చాయి.

ఉద్యోగం చిత్తూరులో, ఆడపిల్లల హైస్కూల్లో. సంగీతం పీరియడ్ అంటే లెక్కల టీచరు లాక్కునే పీరియడ్ అని అప్పట్లోనే అర్థమైంది. కానీ పొద్దున ప్రార్థన మాత్రం నాది. ఎవరూ లాక్కోలేరు.

నేను జన్మలో ఎక్కువసార్లు పాడించిన పాట ఏదంటే జనగణమన. నవ్వకండి. నియమం ప్రకారం అది యాభై రెండు సెకన్ల పాట. మన దేశంలో ప్రతి మనిషీ గుంపులో నిలబడి పాడిన పాట అదొక్కటే అయ్యుంటుంది. చాలా స్కూళ్లలో అది చివర్లో ఎందుకు చెడుతుందో తెలుసా? ఎత్తుకునే పిల్ల హుషారుగా పై శ్రుతిలో ఎత్తుకుంటుంది. మొదట్లో బాగానే ఉంటుంది. చివర మొదటి ‘జయహే’ తార షడ్జం, అంటే పై ‘స’ దగ్గర పడుతుంది. అక్కడికొచ్చేసరికి సగం మంది గొంతు అందక కేక పెడతారు, మిగతా సగం నోరు మూసుకుంటారు. అందుకని నేను పాటను తోక నుంచి నేర్పేదాన్ని. ముందు ఆ ‘జయహే’ ఎవరికీ మెడ నరం లేవకుండా అందే శ్రుతి చూసుకుని, అక్కడి నుంచి కిందికి దిగి మొదటి మాట పట్టుకోమనేదాన్ని. ఏ పాటకైనా ఇదే పద్ధతి. ఎత్తు ఎక్కడుందో చూసుకుని అడుగు వెయ్యాలి.

ఆ పాటకి మా జిల్లాతో ఉన్న చుట్టరికం మదనపల్లెకి ఒక టీచర్ల శిక్షణకు పోయినప్పుడు తెలిసింది. 1919 ఫిబ్రవరిలో టాగోర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి, ఆ పాటను ఇంగ్లిష్‌లోకి తిప్పారు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదువుకున్నావిడ. ఆవిడ కూర్చుని ఆ పాట వరసకు స్వరాలు రాసి పెట్టారు. అంటే ఒక్కరి గొంతులో ఉన్న పాట, చూసి పదిమంది పాడుకోగలిగే పాటయింది. మా పక్క ఊళ్లో అంత పని జరిగితే మాకు బడిలో ఒక్కరూ చెప్పలేదు. ఆ తర్వాత నా పిల్లల్లో ఎవరికీ చెప్పకుండా వదల్లేదు నేను. విసుక్కునేవాళ్లు కూడా.

ఇక వీపు సంగతి. ఒక ఏడు పరేడ్ మైదానంలో నా పిల్లలు పాడుతున్నారు. వేదిక మీద జిల్లా పెద్దలు. నేను పిల్లల ముందు నిలబడి తాళం చూపిస్తున్నాను. పిల్లల్ని చూడాలంటే పెద్దలకు వీపు పెట్టక తప్పదు కదా. పాట అయిపోగానే ఒక ఆఫీసరు పిలిపించి, ‘‘ఏమ్మా, అంతమంది పెద్దోళ్లు కూర్చోనుంటే వీపు పెట్టి నిలబడుకుంటావా? ఇదేం పద్ధతి?’’ అన్నాడు. పాట గురించి ఒక్క ముక్క లేదు. రాత్రి ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన, ‘‘ఈసారి ఇద్దరికీ పక్కకి తిరిగి నిలబడు, ఎవురూ ఏమీ అనరు’’ అన్నాడు. నిజంగానే అట్లా నిలబడి చూశాను. ఎడమ చివర పిల్లలకు నా చెయ్యి కనపడక, వాళ్లు వేరే పాట పాడినట్టయింది.

దానికి మందు చర్చిలో దొరికింది. ఆర్కాటు మిషన్ కాలం నుంచీ చిత్తూరులో చర్చి పాట గట్టిది. మా స్కూల్లో ఇంగ్లిష్ చెప్పే ఆవిడ అక్కడ కాయిర్‌లో పాడేది. ‘‘అక్కా, క్రిస్మస్ నాటకానికి పిల్లలకు పాటలు నేర్పాల, రొంత సాయం పట్టు’’ అని పిలుచుకుపోయింది. అక్కడ ముసలి కాయిర్ మాస్టారొకాయన సభకు వీపు పెట్టి, దర్జాగా నిలబడి, రెండు చేతులతో నాలుగు వరుసల్ని నాలుగు రకాల గొంతుల్లో పాడిస్తున్నాడు. ఆడవాళ్లలో పై గొంతు ఒకటి, కింది గొంతు ఒకటి, మగవాళ్లలో అట్లాగే. నలుగురూ వేరే వేరే స్వరాలు పాడుతుంటే కలిసి ఒకటే పాట వినపడుతోంది. మనది ఒకటే వరస మీద నడిచే సంగీతం కదా, ఆ సాయంత్రం నా చెవులు నేను నమ్మలేదు. ఆయన కుడి చెయ్యి తాళం, ఎడమ చెయ్యి మిగతా అన్నీ: గొంతు తగ్గించు, పెంచు, ఇక్కడ ఊపిరి తియ్యి, ఇక్కడ ఆపు.

ఆ ఆపడం దగ్గరే ఆయన నాకు గొప్ప పాఠం చెప్పాడు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఒకడే పాడితే ఆ అచ్చు ఎంత సాగినా అందమే. నలభై మంది పాడితే ఒకడు ముందు వదిలేస్తాడు, ఒకడు సాగదీస్తాడు, ఇంకొకడు గమకం వేస్తాడు. పాట చివర ‘ఆఆఆ’ అని ఈడ్చుకుపోతుంది. ఎడమ చేతి వేళ్లు మూసి ఒక్కసారి లాగితే అందరి అచ్చూ ఒక్కచోట తెగాలి. నేను కచేరీ చదువులో ఎన్నడూ ఊహించని సంగతి.

ఆయనతో నాకు పేచీ కూడా ఉండేది. ఇంగ్లిష్ వరసల మీద కూర్చిన తెలుగు పాటల్లో హ్రస్వం మీద పొడుగు స్వరం పడి దీర్ఘమైపోతుంది, దీర్ఘం కుంగిపోతుంది. తెలుగు టీచర్ల మధ్య తిరిగిన చెవికి అది ముల్లు. ‘‘మరి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడించండి సార్, రాగం తాళం పైనే రాసి ఉన్నాయి కదా’’ అనేదాన్ని. పందొమ్మిదో శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరిగారు వంటివాళ్లు మన రాగాల్లో ఎంత చక్కటివి రాసిపెట్టారు! ఆయన నవ్వి, ‘‘అవీ పాడతాం, ఇవీ పాడతాం టీచరమ్మా, దేవుడికి రెండూ తెలుసు’’ అనేవాడు. డిసెంబరు చలిలో వాళ్లతో కేరల్స్‌కు కూడా తిరిగాను. ఇంటింటికీ టీ తాగి తాగి నిద్ర పట్టేది కాదు.

స్కూలుకొచ్చి ఆ మరుసటి ఏడు ఒక ఉపాయం చేశాను. పిల్లల్ని వేదిక మీద నెలవంకలా నిలబెట్టి, నేను వేదిక దిగి, మొదటి వరుస కుర్చీల ముందు చిన్న స్టూలేసుకుని కూర్చున్నాను. వీపు పెద్దలకే ఉంది. కానీ కింద కూర్చున్నాను కాబట్టి నేనూ ప్రేక్షకురాలినే అనుకున్నారు. ఎవరూ నోరెత్తలేదు. రిటైరయ్యే దాకా ఆ స్టూలు నాతోనే ఉంది.

చిత్తూరు అంటే నాటకాల ఊరు. నాగయ్యగారు పుట్టింది గుంటూరు జిల్లాలో అయినా, ఇక్కడి నాటకాల్లో పాడి పేరు తెచ్చుకున్నారు కాబట్టే చిత్తూరు నాగయ్య అయ్యారు. ఊళ్లో కళాక్షేత్రం కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆ నాటకాల వాళ్లు నన్ను వెనక పాటలకు పిలిచేవాళ్లు. జనం వచ్చే రంగాలకీ, ఊరేగింపులకీ పక్క తెర వెనక నుంచి గుంపు పాట కావాలి. నా పాటగాళ్లకి వేదిక కనపడదు, వేదిక మీదివాళ్లకి నేను కనపడను. పక్క తెరకున్న సందులో ఒక కన్ను పెట్టి నిలబడేదాన్ని. పద్య నాటకంలో బాధ ఏమిటంటే, హీరో పద్యం ఎప్పుడు ముగిస్తాడో బ్రహ్మకి కూడా తెలియదు. ఆఖరి పాదం దగ్గర రాగం ఎత్తుకుని చప్పట్లు వచ్చే దాకా దించడు. ఈ లోపల నా చెయ్యి గాల్లోనే. వెనక పదిమంది ఊపిరి బిగబట్టి ఉంటారు. ‘‘సార్, మా వాళ్లు ఊపిరాడక పడిపోతారు’’ అని హార్మోనియం ఆయనతో చెప్తే, ఆయన రాగం ముగిసే చోట కాలితో నేల మీద ఒక దెబ్బ వేసేట్టు ఒప్పందం చేసుకున్నాం. అదే మాకు సంకేతం. మా నాయన చూసిన అర్జునుడి కాలు ఇట్లా హార్మోనియం కిందికి వచ్చింది.

1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. మా జిల్లాలో దానికి ‘అక్షర తపస్‌మాన్’ అని పేరు పెట్టారు. భారతం చూసి పెరిగినవాళ్లకి ఆ పేరు విడమర్చి చెప్పే పని లేదు. ఎక్కాల్సిన మాను అక్షరాలది, అంతే. చదువు గురించి పాటలు, నాటకాలు వేసే కళాజాతాలు ఊరూరా తిరిగాయి. నేనూ పోయాను. రాత్రుళ్లు ఆడమనిషి జీపులో పల్లెలు పట్టుకు తిరగడమేంటని మా అత్తగారింట్లో రెండు నెలలు యుద్ధం. చివరికి మా ఆయన నాతో కూడా వచ్చాడు. కాపలాకని వచ్చి, నాలుగో ఊరికల్లా దప్పు పట్టుకున్నాడు. ఇక నేను ఇంటికి పోదామన్నా రాలేదు.

ఆ రోజుల్లో నేను చూసినంత గుంపు పాట మళ్లీ చూడలేదు. మైకు ఉండేది కాదు. శ్రుతిపెట్టె ఉండేది కాదు. చౌరస్తాలో ఒక లైటు. పలమనేరు అవతల ఒక ఊళ్లో, పని చేసుకుని వచ్చిన ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దూరంగా గోడ నీడన నిలబడ్డారు. పిలిస్తే రారు. నేను పాట ఆపించి, మా వాళ్లని ప్రతి చరణం చివరి మాట వదిలేసి పాడమన్నాను. చివరి మాట దగ్గర దప్పు మాత్రమే మోగుతుంది, గొంతు ఉండదు. మూడో చరణానికి గోడ దగ్గర నుంచి ఒక ముసలామె ఆ మాట పూరించేసింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాలుగో చరణానికి అందరూ పూరించారు. భారతం వింటూ పెరిగిన ఆడవాళ్లు వాళ్లు. ఏళ్ల తరబడి నాలాగే చాప మీద కూర్చుని లోపల వంత పాడుకున్నవాళ్లే. పైకి పాడమని ఎవరూ అడగలేదు, అంతే. నాటకం అయిపోయాక ఆ ముసలామె వచ్చి, ‘‘రేపూ వస్తారా మీరు?’’ అని అడిగింది. మరుసటి రోజు కుప్పం వైపు పోవాలి మేము. రాలేమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, మా ఆయన చెప్పాడు.

రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు చిత్తూరు ఒక జిల్లా, తిరుపతి ఒక జిల్లా అయ్యాయి. నా ఊరొకటి, నా ఇల్లొకటి అయ్యాయి. ఇక్కడ కాలనీలో భజన గోష్ఠి ఒకటి కూడగట్టాను. బ్యాంకులో రిటైరైనాయన, ఆర్టీసీ డ్రైవరు, ఇద్దరు నర్సులు, ఇడ్లీ కొట్టు ఆమె, ఇంజినీరింగు పిల్లలు. అందరికన్నా ముఖ్యం తీర్థకట్ట వీధిలో పూలమ్మే ఆమె. చదువు లేదు. పొద్దున్నించీ ‘మూర మల్లెలో’ అని కేక వేసీ వేసీ ఆమె గొంతు ఎంత తెరుచుకుని ఉంటుందంటే, పక్కనున్నవాళ్లకి పాడటం వచ్చేస్తుంది. ఒకరోజు ఆమె కేక వేస్తుంటే శ్రుతిపెట్టె పెట్టి చూశాను. సరిగ్గా నాలుగున్నర శ్రుతి. మర్నాడు చూశాను, అదే. కరెంటు పోయి పెట్టె పనిచెయ్యకపోతే ఇప్పటికీ ‘ఒక్కసారి మల్లెలమ్మవమ్మా’ అంటాను. అందరూ నవ్వుతారు, శ్రుతి దొరుకుతుంది.

శ్రుతి అంటే గుర్తొచ్చింది, ఆడా మగా కలిసి పాడే గుంపులో అసలు తగవు అదే. ఆడవాళ్లకి అయిదు, అయిదున్నర సుఖం. మగవాళ్లకి ఒకటి, రెండు. మూడుకో నాలుగుకో రాజీ చేస్తే పై స్థాయిలో మగవాళ్లు గింజుకుంటారు, కింది స్థాయిలో ఆడవాళ్లు వినపడరు. నేను చేసేదేమంటే పల్లవి అందరూ, పైకి పోయే చరణం ఆడవాళ్లు, కిందికి దిగే చరణం మగవాళ్లు. ‘మాకు చిన్న చరణమే ఇచ్చినారు’ అని బ్యాంకు ఆయన అలుగుతాడు. అలగనిస్తాను.

గుడిలో పాడేటప్పుడు వీపు సమస్య మళ్లీ వచ్చింది. ఆఫీసర్లకంటే స్టూలు వేసి తప్పించుకున్నాను, స్వామికి వీపు పెట్టడం నా వల్ల కాదు. కానీ పాతకాలం నుంచీ గోష్ఠి కూర్చునే పద్ధతి చూస్తే జవాబు అందులోనే ఉంది. రెండు వరుసలు, ఎదురెదురు మొహాలు, మధ్యలో స్వామికి దారి. ఒక వరుస రెండో వరుస నోరు చూస్తుంది. నేను ఒక వరుస చివర కూర్చుని తొడ మీద తాళం వేస్తే చాలు. ముందు నిలబడాల్సిన మనిషే అక్కర్లేదు.

అన్నమయ్య పాటలతో ఇంకో చిక్కుంది. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ వరస లేదు. ఇప్పుడు పాడుతున్న వరసలన్నీ మన కాలం విద్వాంసులు కట్టినవి. ఒకే సంకీర్తనకి రెండు మూడు బాణీలున్నాయి. ఊరుకో గుంపు వచ్చి కలిస్తే, పల్లవి దగ్గరే రెండు రాగాలు కొట్టుకుంటాయి. దేవస్థానం వాళ్లు అన్నమయ్య వర్ధంతికీ జయంతికీ పెట్టే సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానంలో ఆ గొడవ లేదు. ఏడు పాటలు, అందరికీ తెలిసిన బాణీలు. ఏ ఊరినుంచి వచ్చినవాళ్లైనా చెప్పులు విడిచి కూర్చుని పాడేయొచ్చు.

మెట్లోత్సవం రోజు తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్ల పూజ చేసి, భజన మండళ్లన్నీ పాడుకుంటూ కొండెక్కుతాయి. గాలిగోపురం దాకా నిటారు మెట్లు. అక్కడ పొడుగు చరణాల సంకీర్తన పాడదామంటే ఊపిరి ఎక్కడిది? పొట్టి పాట, ముందొకరు అనడం, వెనకవాళ్లు అందుకోవడం. అందుకునే లోపల ముందున్నవాడు రెండు మెట్లెక్కి ఊపిరి తీసుకుంటాడు. మా నాయన వేషగాళ్లకి చేసిన పనే. వరుస పొడుగైపోతే ముందున్నవాళ్లు ఒక మాట మీద, చివరివాళ్లు అంతకు ముందు మాట మీద ఉంటారు. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే పోతుంది కదా. వంద మీటర్ల దూరానికి పావు సెకను దాటి ఆలస్యం, తాళంలో అది చాలా ఎక్కువ. 2008 మే 10న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్ష మంది కలిసి అన్నమయ్య పాటలు పాడే లక్ష గళ సంకీర్తనార్చనకి నా వాళ్లను పిలుచుకుపోయినప్పుడు ఇదే జరుగుతుందని భయపడ్డాను. లక్ష దాటిన జనం, మే నెల ఎండ. మా వాళ్లకి ఒకటే చెప్పాను: పక్కవాళ్లది వినొద్దు, స్పీకరు వినొద్దు, నా చెయ్యి చూడండి. తపస్సు మాను కింద నాయన చేసింది అదే కదా.

మైకుసెట్ల వాళ్ల మీద మాత్రం నాకు కోపం పోదు. ముప్పై మంది పాడుతుంటే మైకు తీసుకొచ్చి మొదటి ఆమె నోటి దగ్గర పెడతారు. ఊరంతా ఆ ఒక్కామె పాటే వింటుంది. మైకును రెండు బారల దూరం జరపమంటే ‘సౌండు రాదు మేడం’ అంటాడు. వస్తుంది నాయనా, జరుపు అంటే వినడు. ఇప్పుడైతే ఆ తంటా కూడా లేదు. స్కూళ్లలో పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టి పిల్లల చేత పెదవులు కదిలిస్తున్నారు. ఒక స్కూలు వార్షికోత్సవానికి నన్ను అతిథిగా పిలిస్తే, పాట మధ్యలో కరెంటు పోయింది. పెదవులన్నీ కదులుతూనే ఉన్నాయి, పాట లేదు. నేను ఆగలేక మొదటి వరుసలో నుంచి లేచి పల్లవి అందుకున్నాను. నలుగురు పిల్లలకి మాటలు తెలుసు. మిగతావాళ్లకి తెలియవు. ఎవరూ నేర్పలేదు, పాపం.

కరోనా అప్పుడు మా గోష్ఠివాళ్లు ఫోన్లలో జూమ్ పెట్టి పాడదామన్నారు. ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఆలస్యంతో వచ్చి, తాళం చెల్లాచెదురైపోయింది. చివరికి నేనొక్కదాన్నే పాడటం, మిగతా అందరూ మ్యూట్‌లో పెట్టుకుని వంత పాడుకోవడం. వాళ్ల పాట నాకు వినపడదు, నా పాట వాళ్లకి వినపడుతుంది. జీవితంలో అంత సోలో ఎప్పుడూ పాడలేదు. పూలామెకు ఫోను లేదు. రోడ్డు మీద పూలమ్మే వీల్లేదు. ఆ ఏడాది ఆమెకు ఇంటి ఖర్చులు మా గోష్ఠిలో అందరూ వేసుకుని ఇచ్చాం, దాని లెక్క బ్యాంకు ఆయన రాశాడు.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు మా ఇంటి మేడ మీద ప్రాక్టీసు. మోకాళ్లు సహకరించక నేను కుర్చీలో కూర్చుంటున్నాను. ఇంజినీరింగు పిల్ల ఒకతె తాళం వేస్తోంది. దానికి గొంతు మామూలే గానీ చెయ్యి బాగుంది. పోయిన వారం పొట్టిగా, ఖచ్చితంగా అచ్చు తెంపింది, ముప్పై మందీ ఆగారు. ఆర్టీసీ ఆయన మాత్రం ఇంకా సాగదీస్తూనే ఉన్నాడు. ఆయనకి చెప్పడం నా వల్ల కాలేదు, ఆ పిల్ల చెప్తుందేమో చూడాలి. వచ్చే వర్ధంతికి మాకు గోష్ఠిగానంలో కూర్చునే చోటుంది. మగ గొంతులు తక్కువపడుతున్నాయి. పాట రాకపోయినా పర్వాలేదు, ఆలస్యంగా మాత్రం రాకండి.